ఉప్పాడ జాందానీ అసలుదేనా? ముందు చీర తిరగేసి చూడండి

మీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా ఒకసారి చెప్పేస్తాను. పాలకొల్లు నుంచి అడుగుతున్నారు, మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ "ఒరిజినల్ ఉప్పాడ జాందానీ, ప్యూర్ పట్టు" అని 4,200 రూపాయలకి చీర పెట్టింది, పక్కనే సిల్క్ మార్క్ ట్యాగ్ ఫోటో కూడా ఉంది, తీసుకోవచ్చా అన్నది మొదటిది. పెళ్లికొడుక్కి పెద్ద డిజైనర్ పేరున్న షేర్వాణీ పావు ధరకే ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా అన్నది రెండోది. బ్లౌజు చేతులకి నరసాపురం లేసు వేయిస్తానని కూడా రాశారు.

నేను చాలా ఏళ్లు చేనేత సహకార సంఘానికి సరుకు చూసి తీసుకునే పని చేశానండి, ఇప్పుడు కోనసీమలోనే చీరల వ్యాపారం. నా దగ్గరే కొనమని చెప్పడానికి రాయట్లేదు, నా కొట్టు పేరు కూడా ఇక్కడ పెట్టను.

సూటిగా చెప్పేస్తాను, ఆ ధరకి పట్టు జాందానీ, అంటే డిజైన్ దారాన్ని చేత్తో దూర్చి నేసే చీర, రాదు. చీర చూడకుండా ఎలా చెప్తున్నారంటారేమో, మీరే లెక్క వేసి చూడండి. బుటాలు, అంటే చీర మీద నేసే చిన్నచిన్న పూల డిజైన్లు, దగ్గరదగ్గరగా ఉన్న జాందానీ ఒక్క మనిషి నేసేది కాదు, మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, చాలా ఇళ్లలో భార్యాభర్తలే కూర్చుంటారు. పని తక్కువున్న చీరకే పది రోజులు, కొంగు నిండా పనుంటే నెల, రెండు నెలలు కూడా పడుతుంది. మనిషికి రోజుకి మూడొందలంటే చాలా తక్కువ కూలి, ఆ లెక్కన వేసుకున్నా ఇద్దరికి పది రోజులకి 6,000 అయిపోయింది. ఇంకా పట్టు నూలు కొనాలి, జరీ కొనాలి, రంగు అద్దించాలి, ఆసు పోసి, కండెలు చుట్టి దారాలు నేతకి సిద్ధం చేసుకోవాలి, అమ్మేవాళ్లకి నాలుగు డబ్బులు మిగలాలి. ఇవన్నీ పోను 4,200కి చీర ఎలా వస్తుందండి? పట్టు అయినా కాకపోవాలి, జాందానీ అయినా కాకపోవాలి. మామూలుగా రెండూ కావు.

అందరూ తికమకపడేది ఒక్కచోటే. "ఒరిజినలేనా?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు, కానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. దారం పట్టేనా? నేసింది చేతిమగ్గం మీదేనా? ఉప్పాడ చుట్టుపక్కల, జాందానీ పద్ధతిలో నేసిందేనా? మూడూ వేరువేరు సంగతులు, ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంది. ఒకదాని గుర్తు చూపించి ఇంకోదాన్ని నమ్మించడం, ఈ వ్యాపారంలో నేను ఎక్కువగా చూసిన మోసం ఇదే.

సిల్క్ మార్క్ సంగతి తీసుకోండి. 2004లో సెంట్రల్ సిల్క్ బోర్డు చొరవతో వచ్చింది. అది చెప్పేది ఒకే ఒక్క మాట, ఇందులో వాడింది సహజమైన పట్టు అని. చేత్తో నేశారని అది చెప్పదు, ఎక్కడ నేశారో అసలే చెప్పదు. మరమగ్గం మీద అసలు పట్టుతో నేసిన చీరకి కూడా సిల్క్ మార్క్ న్యాయంగానే వస్తుంది. హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చింది, అది చేతిమగ్గం అని చెప్తుంది, కానీ పట్టు అని చెప్పదు, నూలు దుప్పటికి కూడా ఉంటుంది. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవం రోజున, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ అని ఇంకోటి తెచ్చారు, అందులో నాణ్యత కూడా చూస్తారు. ఇక ఊరి పేరు కాపాడేది జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు. ఉప్పాడ జాందానీ చీరలకి అది 2009లో వచ్చింది. కాబట్టి ఆవిడ సిల్క్ మార్క్ చూపించి "చూడండి ఉప్పాడ ఒరిజినల్" అంటే, మీరు అడిగిన మూడింట్లో రెండింటికి జవాబు రానట్టే.

ట్యాగ్ గురించి ఇంకో మాట. ప్లాస్టిక్ దారంతో వేలాడే ట్యాగ్ ఒక చీర నుంచి తీసి ఇంకో చీరకి తగిలించడం అర నిమిషం పని. సిల్క్ మార్క్ ట్యాగ్ మీద హోలోగ్రామ్, దానికంటూ ఒక నంబరు ఉంటాయి. ఫోటోలో ఆ నంబరు కనపడకుండా వేలు అడ్డం పెట్టారా, మసకగా తీశారా చూడండి. నంబరు స్పష్టంగా పంపమంటే మాట దాటేసేవాళ్ల దగ్గర ఇంక బేరం అనవసరం.

ఇప్పుడు అసలు పరీక్షకి వద్దాం, దీనికి డబ్బు ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు, రెండు కళ్లు చాలు. చీర తిరగేసి వెనకవైపు చూడాలి.

ఎందుకంటే జాందానీ అన్నది డిజైన్ పేరు కాదండి, నేసే పద్ధతి. ఢాకా వైపు పుట్టిన పని అది, ఢాకా జాందానీ నేతని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. 1980ల చివర్లో డిజైనర్ ఘనశ్యామ్ సరోదే మన ఉప్పాడ నేతగాళ్లకి ఈ పని నేర్పించాక, అక్కడి పట్టు మీద అది స్థిరపడిపోయింది. ఇప్పుడు ఉప్పాడ, కొత్తపల్లి, మూలపేట, కొమరగిరి ఆ చుట్టుపక్కల ఎక్కడికెళ్లినా ఈ మగ్గాలు కనిపిస్తాయి.

మగ్గం దగ్గర జరిగేది ఇదీ. మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలు పడుగు, వాటి మధ్య అడ్డంగా పోయేది పేక. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకి పేక దారాన్ని తీసుకెళ్తుంది, దాంతో వచ్చేది చీర నేల, అంటే డిజైన్ లేని బట్ట, మాత్రమే. బుటా దాంతో రాదు. బుటా ఎక్కడ రావాలో అక్కడ, అంతమేరకే పడుగు దారాలు లేపి, చిన్న కండెకి చుట్టిన వేరే రంగు దారాన్ని వేళ్లతో దూరుస్తారు. బుటా అంచు రాగానే ఆ దారం అక్కడే వెనక్కి తిరిగిపోవాలి, పక్క బుటాకి వెళ్లదు. వరసలో ఇరవై బుటాలుంటే ఇరవై కండెలు పడుగు మీద ఉంటాయి. అన్నీ ఒక్కోసారి దూర్చాక నాడె ఒకసారి ఆడించి దువ్వెనలాంటి పన్నెతో దగ్గరకి కొడితే, చీర ముందుకి జరిగేది ఒక్క దారం మందం. మళ్లీ ఇరవై కండెలు. ఒక బుటా పూర్తవడానికి ఇలా ఎన్నిసార్లు చేయాలో ఊహించుకోండి. అందుకే ఇద్దరు కూర్చోవాలి, అందుకే అన్ని రోజులు.

అలా నేసినప్పుడు ఏమవుతుందంటే, బుటా వెనకాల కూడా ముందు ఉన్నట్టే ఉంటుంది. బుటాకీ బుటాకీ మధ్య ఖాళీలో ఆ రంగు దారం ఉండదు, కత్తిరించిన ఆనవాలు కూడా ఉండదు. కొంగు తిరగేసి వేసుకున్నా పక్కవాళ్లు వెంటనే కనిపెట్టలేనంత శుభ్రంగా ఉంటుంది.

మరమగ్గం మీద జకార్డు, అంటే డిజైన్ ప్రకారం పడుగు దారాల్ని లేపే పరికరం, పెట్టి నేసేటప్పుడు లెక్క వేరు. అక్కడ బుటా దారం కూడా నేల దారంలాగే అంచు నుంచి అంచుకి పోతుంది. బుటా ఉన్నచోట పైకొస్తుంది, లేనిచోట వెనకాల వదులుగా పరుగెడుతుంది. ఆ వదులు దారాల్ని అలాగే ఉంచితే గోళ్లకీ గాజులకీ తగులుకుంటాయి, అందుకని నేసిన తర్వాత కత్తిరించేస్తారు. కత్తిరించిన చోట బుటా చుట్టూ చిన్న బ్రష్షులాగా దారం మొనలు లేచి ఉంటాయి. చేత్తో తడిమితే గరగరమంటుంది. రెండు మూడు ఉతుకులకి ఆ మొనలు జారిపోయి బుటా అంచులు రేగడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక్క సూక్ష్మం గుర్తుపెట్టుకోండి, కొట్లో వాదన వస్తే పనికొస్తుంది. అసలు జాందానీలో కూడా వెనక ఒకటీ అరా దారం మొనలు కనిపిస్తాయి, ఎందుకంటే బుటా మొదలైనచోట, ముగిసినచోట దారం తెంపాల్సిందే. కాబట్టి మొన కనపడగానే నకిలీ అని గొడవపడకండి. మొనలు ఏ వైపున్నాయో చూడండి. నేత సాగే దిక్కున, అంటే చీర పొడవు వైపు, బుటాకి కిందా పైనా ఒకటి రెండు మొనలుంటే అది సహజం. అంచు నుంచి అంచుకి పోయే అడ్డం వైపు, బుటాకి కుడీ ఎడమా ప్రతి వరసలో మొనలుంటే అది కత్తిరించిన పని. ఫోన్ టార్చి వెనక నుంచి వేసి పట్టుకుంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, అసలుదాంట్లో బుటా గీత దగ్గర దారం వంపు తిరిగి లోపలికే వెళ్లిపోవడం కనపడుతుంది.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. చేతిమగ్గం మీద కూడా జకార్డు ఉంటుంది, చాలా ఉప్పాడ చీరల్లో అంచు దాంతోనే వస్తుంది, ఒళ్లంతా కట్‌వర్క్ బుటాలు, అంటే వెనక దారాలు కత్తిరించిన బుటాలు, చేతిమగ్గం మీద నేసేవాళ్లు కూడా ఉన్నారు. అవి చేనేతే, వాటిని చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ జాందానీ కాదు, జాందానీ ధర పెట్టకూడదు. ఈ తేడా తెలియక మంచి నేతగాణ్ని దొంగని చేసినవాళ్లని చూశాను, నాకు చాలా బాధనిపించింది.

చేతిమగ్గమా మరమగ్గమా అన్నదానికి అంచు చివర చూడండి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా రెండు చివర్లా ముళ్లున్న కర్ర ఒకటి అడ్డంగా బిగిస్తారు, నేత ముందుకి సాగేకొద్దీ దాన్ని తీసి మళ్లీ గుచ్చుతారు. ఆ గుచ్చిన చోట్ల అంచు పొడవునా సన్నటి చిల్లులు గుంపులు గుంపులుగా, మధ్యలో కొంచెం ఎడంతో పడతాయి, ఆ ఎడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మరమగ్గంలో ఆ పని యంత్రమే చేస్తుంది కాబట్టి గుర్తులుంటే ఎడం లేకుండా ఒకే వరసలో పోతాయి. ఇస్త్రీ బాగా చేస్తే చిల్లులు పూడిపోతాయి కూడా, అందుకని ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పకండి.

"చిన్నచిన్న లోపాలుంటేనే చేనేత" అని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. సగమే నిజం. రెండు బుటాలు అచ్చు ఒకేలా ఉండకపోవచ్చు, ఒకచోట పేక కొంచెం బిగువుగా, ఇంకోచోట కొంచెం వదులుగా పడొచ్చు. కానీ పోగులు తెగిపోయి, మరకలు పడి ఉన్న చీర చూపించి "చేనేత కదండీ, అలాగే ఉంటుంది" అనేవాళ్ల మాట వినొద్దు. మంచి నేతగాడు ఆ చీర మీకు ఇవ్వడు.

ఇక పట్టు సంగతి. ఉంగరంలోంచి దూర్చి చూపిస్తారు, నమ్మకండి, పల్చటి నైలాన్ కూడా దూరుతుంది. మెరుపు, మెత్తదనం కూడా ఇప్పుడు ఏ దారానికైనా తెప్పిస్తున్నారు. ఇంట్లో చేయగలిగింది కాల్చి చూడటమే, కానీ అది సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. కొట్టువాడు కుచ్చులోంచి ఒక్క పోగు లాగి వెలిగించి "చూశారా" అంటాడు. కుచ్చులో ఉన్నది పడుగు మాత్రమే. పడుగు పట్టు పెట్టి పేక పాలిస్టరు వేసిన చీరలు బోలెడున్నాయి, ఆ ఒక్క పోగు పట్టే, మోసం రెండోదాంట్లో ఉంది. అందుకని బ్లౌజు ముక్క కొస నుంచి అడ్డం పోగు ఒకటి విడిగా లాగండి, నిలువు పోగు ఒకటి విడిగా లాగండి, రెండూ వేరువేరుగా కాల్చండి. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని, చీర దూరంగా పెట్టి.

పట్టయితే మంట దగ్గర ముడుచుకుంటుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. పాలిస్టరయితే కరిగి జారుతుంది, ప్లాస్టిక్ వాసన, చివర గట్టి పూస మిగులుతుంది, అది నలగదు. ఆర్ట్ సిల్క్ అని అమ్మే విస్కోసయితే కాగితంలా గబగబా కాలిపోయి పల్చటి బూడిద అవుతుంది, కాగితం కాలిన వాసనే వస్తుంది. పట్టు, విస్కోస్ కలిపి వడికిన దారం మాత్రం ఇంట్లో తేల్చడం కష్టం. యాభై వేలు, లక్ష పెట్టే చీరయితే కొనేముందు సిల్క్ మార్క్ వాళ్ల పరీక్షకి పంపడమే మంచిది, దాని ఖర్చు గురించి ఆలోచించకండి.

జరీ గురించి తక్కువలో చెప్తాను. పాతకాలపు అసలు జరీ అంటే వెండి తీగ సాగదీసి పట్టు దారానికి చుట్టి పైన బంగారు పూత వేసింది. ఇప్పుడు ఎక్కువ చీరల్లో వచ్చేది రాగి తీగ మీద పూత వేసిన జరీ, దాన్ని టెస్టెడ్ జరీ అంటారు, దానికి తగ్గ ధర ఉంటే తప్పేమీ లేదు. మూడోది ప్లాస్టిక్ జరీ, పాలిస్టరు పొర మీద మెరుపు పూసింది. అది మంట దగ్గర ముడుచుకుని కరిగిపోతుంది. పోగు గోటితో గీకితే పైపూత పోయి లోపల తెల్లగా వెండి కనపడుతుందా, ఎర్రగా రాగి కనపడుతుందా, ఊరికే పారదర్శకంగా ప్లాస్టిక్ కనపడుతుందా చూడండి. "ప్యూర్ జరీ" అని చెప్పి ధర పెంచితే బిల్లు మీద ఆ మాట రాయమనండి, రాస్తాడా లేదా అన్నదాంట్లోనే సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ ఇన్‌స్టాగ్రామ్ చీర. చేతికి రాకుండా ఎలా చూడాలంటారు కదా. ఫోటోలు అడగకండి, ఫోటో ఎక్కడిదైనా కావచ్చు, ఎవరో ఉప్పాడ నేతగాడు పెట్టిన ఫోటో తీసుకుని సూరత్ మరమగ్గం చీర పంపినవాళ్లున్నారు. వీడియో అడగండి. ఒక కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాయించి చీర పక్కన పెట్టించండి. అదే వీడియోలో కొంగు తిరగేసి ఒక బుటా వెనకవైపు దగ్గరగా, పక్కన రూపాయి బిళ్ల పెట్టి చూపించమనండి. అంచు కొస, బ్లౌజు ముక్క కొస చూపించమనండి. లేబుల్ నంబరు చదవమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లకి ఇది ఐదు నిమిషాల పని, సంతోషంగా చేస్తారు, ఎందుకంటే తెలిసిన కొనుగోలుదారు దొరికాడని వాళ్లకీ ఆనందం. "అంత నమ్మకం లేకపోతే వదిలేయండి", "ఇంకో పది మంది అడుగుతున్నారు, ఇప్పుడే డబ్బులు వేయండి" అని తొందరపెట్టారా, నమస్కారం పెట్టేయండి.

వాళ్లు రాసే మాటలు కూడా జాగ్రత్తగా చదవండి. సెమీ ఉప్పాడ, ఉప్పాడ స్టైల్, ఉప్పాడ సాఫ్ట్ సిల్క్, సిల్క్ బ్లెండ్, ఇవేవీ ఉప్పాడ జాందానీ కావు. పైన పెద్దక్షరాల్లో ఉప్పాడ అని రాసి కింద వివరాల్లో ఆర్ట్ సిల్క్ అని రాస్తారు, రేపు గొడవైతే "రాశాం కదా" అంటారు.

నామాట వింటే ఒకరోజు పెట్టుకుని వెళ్లి రండి. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, కాకినాడ, అక్కణ్నుంచి బీచ్‌రోడ్డు. సముద్రం రోడ్డు కోసేసిన రోజుల్లో మాత్రం పిఠాపురం వైపు నుంచి వెళ్లాల్సి వస్తుంది, బయల్దేరేముందు కనుక్కోండి. కానీ ఉప్పాడలో కొన్నంత మాత్రాన ఉప్పాడ చీరే అనుకోకండి, బయట నుంచి తెచ్చిన మరమగ్గం చీరలు అక్కడి కొట్లలోకి కూడా వస్తున్నాయి. అక్కడ కూడా తిరగేసి చూడాల్సిందే. వీలైతే మగ్గం ఉన్న ఇంటికి వెళ్లండి. మగ్గం మీద సగం నేసిన చీర ఒకటి పదినిమిషాలు చూస్తే, నేను ఇంతసేపు రాసింది అక్కడ కళ్లముందు కనపడుతుంది, ఆ తర్వాత మిమ్మల్ని ఏ కొట్లోనూ ఎవరూ మోసం చేయలేరు. పెళ్లికి మూడు నెలలు టైముంటే రంగులు చెప్పి నేయించుకోవచ్చు కూడా.

బడ్జెట్ పదివేలు దాటకూడదనుకుంటే దానికీ దారుంది. నూలు జాందానీ తీసుకోండి, లేదా తక్కువ బుటాలున్న చేనేత పట్టు తీసుకోండి. నూలు చీర చాలనుకుంటే మన అమలాపురం పక్కనే బండారులంక ఉంది, రామచంద్రపురం వైపు పులుగుర్త ఉంది, మంచి నేత చీరలు దొరుకుతాయి. ద్వారపూడిలోనో రాజమండ్రి తాడితోటలోనో సూరత్ చీరలు తీసుకుని బంధువులకి పెట్టడంలో కూడా తప్పేమీ లేదు, పాలిస్టరు చీరని పాలిస్టరు ధరకి, పాలిస్టరు అనే చెప్పి అమ్మితే అది మంచి వ్యాపారమే. నా కోపమల్లా ఇద్దరు మనుషులు నెలరోజులు కూర్చుని చేసిన పని పేరు పెట్టి ఇంకోటి అమ్మడం మీద. కొత్త డిజైన్ బయటికి రాగానే దాని కాపీ మరమగ్గం మీద వచ్చేస్తుంది, అదే పేరుతో పదో వంతు ధరకి అమ్ముతారు, ఆ డిజైన్ వేసిన మనిషి చీర మాత్రం ఇంట్లో మడతపెట్టి ఉంటుంది, పిల్లలు మగ్గం ఎక్కం అంటారు. కొన్ని రకాల చీరలతో సహా కొన్ని బట్టలు చేతిమగ్గం మీదే నేయాలని 1985 నుంచి చట్టం ఉంది, ఇప్పుడు ఆ జాబితాలో పదకొండు రకాలున్నాయి. కొనేవాళ్లు తెలిసి అడిగితేనే ఆ చట్టానికి బలం వస్తుంది.

మీ నరసాపురం లేసు సంగతి కూడా ఒక ముక్క. బ్లౌజుకి చేతులకి లేసు వేయిస్తానన్నారు కదా. నరసాపురం క్రోషే లేసుకి 2024లో జీఐ వచ్చింది, అయినా మీటర్ల లెక్కన మిషను లేసు అదే పేరుతో అమ్ముతున్నారు. చేతి లేసు ఒకే దారంతో కొక్కెం సూదితో అల్లినది, చివరి ముడి విప్పి లాగితే అల్లిక వెనక్కి వెనక్కి ఊడుతుంది. మిషను లేసులో పొడవునా సమాంతరంగా పోయే దారాలు కనపడతాయి, అలా ఊడదు.

షేర్వాణీ గురించి. పెద్ద డిజైనర్లు సరుకు తమ సొంత షాపుల్లోనో, పేరు పెట్టి చెప్పిన స్టోర్లలోనో అమ్ముతారు, వాట్సాప్ గ్రూపులో పావు ధరకి అమ్మరు. "మాస్టర్ కాపీ", "ఫస్ట్ కాపీ", "రెప్లికా" అంటే అన్నీ ఒకటే, నకిలీ. "ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్" అన్నది అప్పుడప్పుడు నిజం కావచ్చు, కానీ పెళ్లి షేర్వాణీల్లో నేనెప్పుడూ చూడలేదు. ఆ డిజైనర్ షాపుకి ఫోన్ చేసి ఈ మోడల్ మీరు చేశారా, ఈ అమ్మేవాళ్లు మీవాళ్లేనా అని అడగండి, జవాబు చెప్తారు. లేబుల్ చూసి మోసపోవద్దు, లేబుళ్లు అచ్చం అలాగే నేయించి అమ్మేవాళ్లున్నారు. జిప్పు మీద వైకేకే అని ఉంది కాబట్టి ఒరిజినల్ అంటారు కొందరు, అది జపాన్ జిప్పుల కంపెనీ, ఎవరైనా కొని కుట్టుకోవచ్చు, దాంతో బట్ట సంగతి తేలదు.

బట్ట చేతిలో ఉంటే మళ్లీ అదే పని, లోపలివైపు తిప్పండి. లైనింగ్ కింద నుంచి ఎంబ్రాయిడరీ వెనక చూడండి. కంప్యూటర్ వర్క్ అయితే వెనకాల ఎక్కువగా ఒకే రంగు, మామూలుగా తెల్లటి కింది దారం కనపడుతుంది, చాలాసార్లు బట్ట బిగువు కోసం వేసిన కాగితం ముక్కలు కుట్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి, కుట్టు అంతా కొలిచినట్టు ఒకేలా ఉంటుంది. చేత్తో చేసే మగ్గం వర్క్‌లో (ఇది నేత కాదు, చట్రానికి బట్ట బిగించి సూదితో కుట్టే ఎంబ్రాయిడరీ) ముందున్న దారమే వెనకాల ఉంటుంది, ముడులుంటాయి, స్ప్రింగులా ఉండే జర్దోసీ ముక్కల్ని ఒక్కొక్కటీ సూదికి ఎక్కించి కుట్టినట్టు తెలుస్తుంది. మన ఊళ్లలో పెళ్లి బ్లౌజులకి మగ్గం వర్క్ అని డబ్బులు తీసుకుని కంప్యూటర్ వర్క్ చేసిస్తున్నవాళ్లకి కూడా ఇదే పరీక్ష, అమ్మాయి బ్లౌజులు వచ్చాక చూసుకోండి. బ్రాండ్ షర్టులయితే గళ్లు గుండీ పట్టీ దగ్గర, జేబు దగ్గర కలిశాయా చూడండి, కంపెనీలు అక్కడ శ్రద్ధ పెడతాయి, నకిలీ చేసేవాళ్లు బట్ట వృథా అవుతుందని పెట్టరు. ట్యాగ్ మీద ఎంఆర్‌పీ, సైజు, అమ్మే కంపెనీ పేరు, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలి, ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేయండి.

ఏది కొన్నా బిల్లు లేకుండా వద్దు. బిల్లు మీద "చీర - 1" అని కాదు, "ఉప్పాడ జాందానీ, పట్టు పడుగు, పట్టు పేక, చేనేత" అని రాయించుకోండి. జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలుంటుంది, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌ది 37. ఉప్పాడ నుంచి పంపుతున్నాం అని చెప్పి ఇంకో రాష్ట్రం నంబరు ఉంటే ఎందుకని అడగండి. ఆ నంబరు జీఎస్టీ వెబ్‌సైట్లో కొడితే వ్యాపారి పేరు వస్తుంది. అయితే నేతగాడి ఇంట్లో నేరుగా కొంటే జీఎస్టీ నంబరు లేకపోవచ్చు, చిన్న నేతగాళ్లకి ఆ అవసరం ఉండదు, అప్పుడు చేతిరాత రసీదు, సంతకం తీసుకోండి, డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి.

ఒకవేళ ఇప్పటికే అడ్వాన్స్ వేసేసి ఉంటే కంగారు పడకండి. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి, కొంగు వెనకవైపు కూడా అందులోనే రావాలి. చెప్పింది ఒకటి పంపింది ఒకటి అయితే ముందు అమ్మినవాళ్లకి రాతపూర్వకంగా పెట్టండి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. జీఐ పేరు తప్పుగా వాడి అమ్మడం, ఇంకొకరి ట్రేడ్‌మార్క్ పెట్టి అమ్మడం రెండూ నేరాలే, రెంటికీ 1999 చట్టాల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. ఆ మాట మర్యాదగా ఒక్కసారి గుర్తుచేస్తే చాలాచోట్ల డబ్బు వెనక్కి వచ్చేస్తుందండి. ఇదంతా తేలేదాకా చీరకి ఫాల్ కుట్టించకండి, కుచ్చులు వేయించకండి, బ్లౌజు ముక్క కత్తిరించకండి. ఒక్క కత్తెర పడినా "వాడేశారు, వెనక్కి తీసుకోం" అంటారు. కాల్చి చూడటానికి లాగే రెండు పోగులు కూడా ఆ వీడియో అయ్యాకే లాగండి.